పొద్దున్నించి ఏం తిన్నవ్?

కొత్తగా మత్తు డాక్టర్లుగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "సార్, మీ అనుభవాలు రాయండి, మాకు పనికొస్తాయి" అంటారు. మందుల మోతాదులు రాస్తాననుకుంటారు కాబోలు. అవి మీ పుస్తకాల్లో ఉన్నాయి, నాకంటే మీకే బాగా గుర్తుంటాయి. నేను సర్వీసంతా చేసిన పని ఒక్కటే. ఆపరేషన్‌కు వచ్చిన మనిషిని "పొద్దున్నించి ఏం తిన్నవ్?" అని అడిగాను. ఆ మనిషి "ఏం తినలే సార్" అన్నాడు. నేను నమ్మలేదు. మిగతాదంతా సూదులూ గొట్టాలూ.

మనమెవరో ఎవరికీ తెలియదు

ముందే చెప్తున్నా, పేరు కోసమైతే ఈ పనికి రాకండి. ఆపరేషన్ బాగా జరిగితే స్వీటు డబ్బా సర్జన్‌కు పోతుంది. బాగా జరగకపోతే "మత్తెక్కువైందట" అని ఊరంతా అంటుంది. మా కరీంనగర్ పక్క ఓ సర్కారు దవాఖానలో చాలా ఏళ్లు చేశాను. ఒకాయన ప్రాణం నా చేతుల్లో పెట్టుకుని కాపాడి, తెల్లారి పలకరిద్దామని వార్డుకు పోతే, "ఏంది బిడ్డా, ఫ్యాన్ బాగ చెయ్యనీకి వచ్చినవా?" అన్నాడు. నిజంగానే ఆ ఫ్యాన్ తిరగడం లేదు. ఎలక్ట్రీషియన్‌కు చెప్పి బాగు చేయించాను. దానికి మాత్రం ఆయన దండం పెట్టాడు.

నాకు పని నేర్పింది ఆదిలాబాద్‌లో నా మొదటి బాస్, కులకర్ణి సార్. బక్కపలచని మనిషి, కోపం మాత్రం బస్తెడు. ఆయన పేషెంటును ఏమీ అడిగేవాడు కాదు. నేరుగా మంచం దగ్గరికి పోయి, వంగి, నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేవాడు. "జొన్నరొట్టె. ఎల్లిపాయ కారం. తీస్కపోండి, ఇయ్యాల లేదు" అనేవాడు. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వాగలేదు.

"నవ్వు, నవ్వు" అన్నాడాయన. "నాల్క అబద్ధం ఆడుతది. ఎల్లిపాయ ఆడదు."

తర్వాత గదిలోకి పిలిచి ఎందుకో చెప్పాడు. మెలకువగా ఉన్న మనిషికి నీళ్లు పొలమారితే దగ్గుతాడు. మత్తులో ఉన్నవాడికి దగ్గు రాదు. కడుపులో ఉన్న బువ్వ పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సర్జన్ చక్కగా కోసి చక్కగా కుట్టిన మనిషి బువ్వ మెతుకులతో చచ్చిపోతాడు. ఆయన చేతుల్లో అట్లా ఒక బాలింత పోయిందట. ఆ మాట చెప్తున్నప్పుడు కులకర్ణి సార్ నా మొహం చూడలేదు. ఆ రోజు నుంచి నేనూ వాసన చూడటం మొదలుపెట్టాను, సిగ్గుపడలేదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. థియేటర్‌లోకి పోయేముందు నాకొక అలవాటు. ఒక ఛాయ్, అందులో ముంచుకుని రెండు ఉస్మానియా బిస్కెట్లు. ఆపరేషన్ ఉన్న ఏ రోజూ అది తప్పలేదు. ఉపవాసం పేషెంటుకు, నాకు కాదు గదా.

కోసే మేకకు గూడ ఆకేస్తరు

రాజేశం సిరిసిల్ల దిక్కు సాంచాల మీద పనిచేసే మనిషి. సాంచాలంటే బట్ట నేసే పవర్‌లూమ్‌లు. పొద్దంతా నిలబడి వాటి నడుమ అటూ ఇటూ తిరుగుతూ తెగిన దారాలు అతికేవాడు. గజ్జల్లో హెర్నియా. దగ్గితే నిమ్మకాయంత ఉబ్బు బయటికి వచ్చేది, పడుకుంటే లోపలికి పోయేది. మా సర్జన్ నర్సింగరావు సార్ చూసి, "చిన్న ఆపరేషన్, అరగంటల అయిపోతది" అని రోజు ఇచ్చాడు. ముందు రోజు నేను రాజేశాన్నీ, ఆయన భార్య లచ్చవ్వనూ కూర్చోబెట్టి, పొద్దున ఏమీ తినొద్దు, తాగొద్దు అని చెప్పాను. ఇద్దరూ తలూపారు.

పొద్దున టేబుల్ మీద వంగి వాసన చూశాను. సల్ల, అదే మజ్జిగ, ఉల్లిగడ్డ.

"ఏం తిన్నవ్ రాజేశం?"

"ఏం తినలే సార్."

లచ్చవ్వను పిలిపించాను. ఆమె అబద్ధమాడే మనిషి కాదు. పైగా నా మీదే ఎగిరింది. "సల్ల బువ్వ పెట్టిన సార్. పెట్టనా మరి? ఉపాసంతోని కోతకు పంపుతరా ఎవలన్న? కోసే మేకకు గూడ ఆకేసి కోస్తరు. గీ మనిషి మేక కన్న ఎక్కువ గాదా?"

 ఆపరేషన్ ఆపేశాను. తర్వాతి ఆపరేషన్‌కు ముందు నేను ఛాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటుంటే, బయటికి పోతూ రాజేశం చూశాడు. "మాకు వద్దంటరు, మీరు మాత్రం ముంచుకొని తింటుండ్రు" అన్నాడు. కోపంగా కాదు, ఊరికే న్యాయం అడిగినట్టు.

రెండోసారి లచ్చవ్వ మాట నిలబెట్టుకుంది. ముద్ద కూడా పెట్టలేదు. కానీ మెట్‌పల్లి నుంచి ఆమె తమ్ముడు గంగరాజం దిగాడు. బావకు ఆపరేషన్ మంచిగ కావాలని పోచమ్మకు యాటను, అంటే మేకపోతును, మొక్కాడట. మొక్కు చెల్లించాడు, చెల్లించిన యాటను వండాడు, వండినదాన్ని టిఫిన్ గిన్నెలో పెట్టుకుని మొదటి బస్సుకు వచ్చాడు. బావను "జర గాలికి తిరిగొద్దాం" అని దవాఖాన వెనకకు తీసుకుపోయాడు. మొక్కు ఎవరి పేరు మీద ఉందో వాళ్లు తినకపోతే పోచమ్మ ఊరుకుంటుందా?

నేను వంగాను. ఈసారి వంగాల్సిన పని కూడా లేదు. మసాల వాసన తలుపు దగ్గరికే వచ్చింది.

"బువ్వ ముట్టలే సార్" అన్నాడు రాజేశం, మొహం మీద ఇంత నిజాయితీ పెట్టుకుని. "ఒట్టి ముక్కలే."

గంగరాజం అడ్డమొచ్చాడు. "సార్, గది తిండి కాదు, పెసాదం. పెసాదం కడుపుల ఆగదు, సీదా పానంలకు పోతది."

"పానంలకే పోతది, అందుకే నా భయం" అన్నాను. ఆపరేషన్ మళ్లీ ఆగింది. నర్సింగరావు సార్ గ్లౌజులు విప్పుతూ, "నీ ముక్కు నా చెయ్యికి పని లేకుండ చేస్తుంది" అన్నాడు. ఆయన నవ్వాడు కానీ నాకు నవ్వు రాలేదు. వాయిదా పడ్డ హెర్నియా ఊరికే ఉండదు.

అనుకున్నంత పనీ అయింది. సాంచాల మీద ఉండగానే రాజేశానికి ఉబ్బు బయటికి వచ్చి ఇరుక్కుపోయింది. రాయిలా గట్టిపడింది, వాంతులు పట్టుకున్నాయి. ఆటోలో వేసుకుని తెచ్చారు. మనిషి చెమటతో తడిసి ముద్దయ్యాడు. నొప్పికి మందిచ్చి, కాళ్ల వైపు ఎత్తు పెట్టి, నర్సింగరావు సార్ చాలాసేపు మెల్లగా ఒత్తితే పేగు లోపలికి పోయింది. సార్ లచ్చవ్వను బయటికి పిలిచి చెప్పాడు. "ఈసారి పోయింది. మళ్ల ఇరుక్కుంటే గిట్ల పోదు. పేగు నల్లవడ్తది. పేగు నల్లవడ్తె మనిషి దక్కుడు కష్టం. ఇంటికైతె పంపను. వాపు తగ్గంగనే ఎల్లుండి చేస్త. కడుపు మాత్రం ఖాళీగ ఉండాలె."

లచ్చవ్వ చేతులు

ఈ ముక్క విని వాళ్ల చుట్టపక్కాలంతా బయలుదేరారు. మెట్‌పల్లి నుంచి గంగరాజం కుటుంబం, మంథని నుంచి రాజేశం మేనత్త, సుల్తానాబాద్ నుంచి మేనమామ, వాళ్ల వెనక నాకు వరసలు కూడా తెలియని జనం. మా దిక్కు మనిషిని చూడబోయేటప్పుడు చేతులూపుకుంటూ పోరు. అరటిపండ్లు, బ్రెడ్డు, కొబ్బరికాయలు, సత్తుపిండి, సకినాలు, ఎవరి చేతిలో చూసినా ఏదో ఒక సంచి. వార్డు తలుపు దగ్గర నిలబడి ఆ సంచులు లెక్కపెట్టాను. ఇంతమందిని ఎవరు కాపలా కాయాలి? వాచ్‌మన్‌ను పెడితే వాడికే సకినాలు పెట్టి లోపలికి పోతారు.

లచ్చవ్వ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను పోయి పక్కన నిలబడగానే ఏడ్చేసింది.

"సార్, పెళ్లైనకాడి నుంచి ఆ మనిషి ఆకలంటె నేను ఊకోలే. నేను తినకున్న పెట్టిన. ఎల్లుండి పొద్దుగాల నా దిక్కు చూసి లచ్చవ్వా అంటె గీ చేతులు ఆగయి సార్. నన్ను రూముల పెట్టి తాళమేయుండ్రి. ఆయిన సచ్చిపోతె నా చేతులతోని నేనే సంపినట్టు."

ఆ మాటలు నన్ను కదిలించాయి. ఇంతకాలం వీళ్లది మొండితనమనుకున్నాను. అది మొండితనం కాదు. ఆమెకు తెలిసిన ప్రేమ ఒకటే, అది గిన్నెలో ఉంటుంది. వద్దంటే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియదు.

మాది మెథడిస్టు కుటుంబం. చిన్నప్పుడు మా అవ్వ ఉపవాస ప్రార్థనలో ఉన్నదంటే, పక్కింటి హిందువుల ముసలమ్మ కూడా ఆమె ముందు పల్లీలు కొరికేది కాదు. "పాపం తగుల్తది" అని లోపలికి పోయి తినేది. అది గుర్తొచ్చింది. డాక్టర్ మాట వినని మనుషులు ఒక్కపొద్దు మాట వింటారు.

"లచ్చవ్వా, ఒక పని చెయ్. ఎల్లుండి రాజేశం ఒక్కపొద్దున్నడని అందరికి చెప్పు. నీళ్లు గూడ ముట్టని ఒక్కపొద్దు. ఆపరేషన్ అయినంక, నేను చెప్పినప్పుడే ఇడుస్తడు."

ఆమె కళ్లు తుడుచుకుని నన్ను చూసింది. "ఏ దేవునికి సార్?"

మెథడిస్టును, ఏ పేరు చెప్పను? "ఎవ్వలకైనా. అందరికి."

"మరి గట్ల చెప్పాలె గద ముందుగాలనే!" అని లేచింది. అంతే. సంచులన్నీ ఒక్కసారి మూతలు పడ్డాయి. మేనత్త స్వయంగా వార్డు తలుపుకు అడ్డంగా చాప వేసుకుని కూర్చుని, అరటిపండు చేతిలో పట్టుకుని వచ్చిన ఒకాయనను తిట్టి పంపింది. ఎంత గొప్ప ఆలోచన అని నన్ను నేనే మెచ్చుకున్నాను. అక్కడే నాకు తెలియకుండా ఒక తప్పు జరిగింది. "ఆయిన ఒక్కడుంటె ఏం ఫలం? ఇంటిల్లిపాది ఉంటేనే మొక్కు" అని వాళ్లలో వాళ్లే అనుకుని, వచ్చిన చుట్టాలందరూ ఒక్కపొద్దు పట్టారు. రాజేశం ఇడిసేదాకా ఎవ్వరూ ఇడవరు.

పోయిందా?

ఆపరేషన్ రోజు వంగి వాసన చూశాను. వేపపుల్ల. నా సర్వీసులో అంత శుభ్రమైన నోరు చూడలేదు. మత్తు హాయిగా ఎక్కింది. లోపల మాత్రం నర్సింగరావు సార్‌కు పని ఎక్కువైంది. ఇరుక్కున్నప్పుడు నలిగిన పేగు ఒకచోట పలచబడి ఉంది. దాన్ని బాగుచేసి కుట్టాల్సి వచ్చింది. "ఇంకోసారి వాయిదా వేస్తే అయిపోయేది" అన్నాడు సార్. బయటికి వచ్చి, పేగుకు కుట్లు పడ్డాయి కాబట్టి కింది నుంచి గాలి పోయేదాకా నోటికి ఏమీ ఇవ్వొద్దని చెప్పి వెళ్లిపోయాడు.

నేను బయటికి వచ్చేసరికి వరండా నిండా పీక్కుపోయిన మొహాలు. మేనత్త అడిగింది. "మత్తు సారూ, పానం మంచిగుంది గద? మరి ఒక్కపొద్దు ఎప్పుడు ఇడుస్తరు?"

"గాలి పోయినంక."

"ఎవలకు?"

"రాజేశానికి."

ఆమె వెనక్కి తిరిగి అందరికీ ఆ కబురు చెప్పింది. ఎవరూ నవ్వలేదు. ఆకలి మీద ఉన్న మనుషులకు అది నవ్వే విషయం కాదు. అప్పుడు తెలిసింది నాకు, వీళ్లంతా నా మాట పట్టుకుని కూర్చున్నారని. "మీరు తినండి, మీకేం కాలేదు" అని మొత్తుకున్నాను. వినలేదు. ఛాయ్, నీళ్లు అయినా తాగండని దండం పెడితే దానికి ఒప్పుకున్నారు.

సాయంత్రానికి షుగరున్న మేనమామ షుగర్ పడిపోయి, కళ్లు తిరిగి బెంచీ మీద నుంచి జారాడు. చక్కెర వేయబోతే నోరు తెరవనంటాడు. నేను గ్లూకోజ్ సీసా ఎక్కించబోతే, ఎక్కిస్తే ఒక్కపొద్దు పోతుందా అని వరండాలో పంచాయితీ. చివరికి మేనత్త తీర్పు చెప్పింది. "నరంల పోయింది ఎంగిలి గాదు. ఎక్కియ్యి." పేషెంటు పక్క మంచంలో మేనమామ, ఇద్దరికీ సీసాలు. చూసినవాళ్లకు ఆపరేషన్ ఎవరికైందో తెలియని పరిస్థితి.

తెల్లవారింది. నర్సు రాజేశం కడుపు మీద స్టెతస్కోప్ పెట్టడం ఆలస్యం, తలుపు సందుల్లోంచి "పోయిందా?" అని అందరూ. "ఇంకా పోలే." గంగరాజం నిట్టూర్చాడు. "మా బావ మామూలు రోజుల గిట్ల బిగవట్టేటోడు కాదు సార్."

అప్పుడు వాళ్లకు ఒక నిజం చెప్పాను, మీకూ చెప్తున్నా. ఆపరేషన్ అయిన మనిషిని కదలనివ్వకుండా దుప్పటి కప్పి పడుకోబెట్టడం మా దిక్కు పెద్ద జబ్బు. కుట్లు పిగులుతాయని భయం. పడుకునే ఉంటే ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, పేగులు కూడా మనిషితో పాటే పడుకుంటాయి. నొప్పికి మందిచ్చి, కుట్ల మీద చేయి అదిమి పట్టుకోమని చెప్పి, మెల్లగా లేపి నడిపించాలి. "నడిస్తే గాలి తొందరగ పోతది" అన్నాను.

ఆ మాట చాలు. నిమిషంలో రాజేశం లేచి నిలబడ్డాడు, ఈ చేయి లచ్చవ్వ, ఆ చేయి గంగరాజం. మేనత్త సీసాను ఎత్తి పట్టుకుంది. మేనమామ తన సీసా తనే పట్టుకుని వెనక నడిచాడు. మిగతా చుట్టాలంతా వెంట. పెండ్లి బరాత్‌కు తక్కువ లేదు, బ్యాండు ఒక్కటే లేదు. రాజేశం కాసేపు మూలిగాడు. "సాంచాల నడుమ నడుస్తున్ననుకో" అంది లచ్చవ్వ. అప్పటి నుంచి ఆయన నడక మారింది. వరండా ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ వెనక్కి, అలవాటైన మనిషి నడక.

ఆడవాళ్ల వార్డు మలుపు దగ్గర అందరూ ఆగిపోయారు. రాజేశం తల వంచుకున్నాడు. తర్వాత వినపడింది. దాచుకోవాల్సినంత చిన్నగా లేదు.

గంగరాజం ఈల వేశాడు. మేనత్త సీసా మరిచిపోయి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్విందో ఏడ్చిందో నాకైతే తెలియలేదు. నేనూ కళ్లద్దాలు తుడుచుకున్నాను. ఆడవాళ్ల వార్డు నుంచి ఎవరో "ఎవలకు కొడుకు పుట్టిండు?" అని అడిగారు.

నర్సింగరావు సార్ వచ్చి, కడుపు చూసి, ముందు గుక్కెడు నీళ్లు, ఆగితే గంజి అన్నాడు. మొదటి చెంచా లచ్చవ్వే పట్టింది. సగం గడ్డం మీద పడింది. రాజేశం మింగి, ఆమెను చూసి, "ఇగ నువ్వు తినుపో" అన్నాడు. చుట్టాలంతా ఎదురుగా ఉన్న హోటల్ మీద పడ్డారు. ఆ రోజు ఆ హోటల్‌లో మాకెవరికీ ఇడ్లీ దొరకలేదు.

తర్వాత కూడా తంటాలు ఉన్నాయి. పప్పు తింటే సీము పడుతుందని నెలంతా కారం మెతుకులే పెట్టబోయారు. గాయం మానడానికి కావలసింది పప్పూ గుడ్డే అని తిట్టి చెప్పాల్సి వచ్చింది. బరువులు ఎత్తొద్దంటే రాజేశం విన్నాడు, బీడీ వద్దంటే వినలేదు. "దగ్గితె మళ్ల అదే తొవ్వల వస్తది, మళ్ల ఒక్కపొద్దే" అని లచ్చవ్వ బెదిరించాక మానేశాడు.

నా వంతు

రిటైర్ అయ్యాక నాకు పిత్తాశయంలో రాళ్లు. కరీంనగర్‌లోనే ఓ ఆసుపత్రిలో ఆపరేషన్. మత్తు ఇచ్చేది అనూష, నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి. ముందు రోజు ఆమె నాకు ఏమీ తినొద్దని చెప్తుంటే నవ్వొచ్చింది. ఎవరికి చెప్తున్నావమ్మా అన్నాను.

పొద్దున టేబుల్ మీద పడుకున్నాను. అనూష వంగింది. నోటి దగ్గర ముక్కు పెట్టింది. ఆమె మొహం రంగు మారింది.

"సార్... పాల ఛాయ్. ఉస్మానియా బిస్కెట్."

అప్పటిదాకా నాకు గుర్తే లేదు, ప్రమాణపూర్వకంగా. లేచాను, స్నానం చేశాను, ఆపరేషన్ రోజు గదా అనుకున్నాను, నా చెయ్యి దాని పని అది చేసింది. సరోజ, అంటే నా భార్య, తన కోసం పెట్టుకున్న కప్పు అది. నేనెప్పుడు ముంచుకుని తిన్నానో ఆమె కూడా చూడలేదట.

"ఇయ్యాల లేదు సార్" అంది అనూష. కులకర్ణి సార్ గొంతే అది.

బండి మీద బయటికి తోస్తుంటే వరండాలో గోడకు ఆనుకుని రాజేశం, లచ్చవ్వ. కబురు ఎట్లా తెలిసిందో, మొదటి బస్సుకు వచ్చారు. ఇద్దరి పెదవులూ ఎండి ఉన్నాయి. చేతుల్లో సంచి లేదు.

"అయిపోయిందా సార్? మేం మీ కోసం ఒక్కపొద్దున్నం" అన్నాడు రాజేశం.

నేను దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాను. అనూషే చెప్పింది, సార్ బిస్కెట్ తిన్నాడని, రేపటికి వాయిదా అని.

ఇద్దరూ నా మొహం చూశారు. అంత సిగ్గు నేను జీవితంలో పడలేదు. లచ్చవ్వ లేచి, కొంగు బిగించి, "గట్లనా. ఫికర్ లేదు, రేపటిదాక ఉంటం" అంది. తినమని నేనూ సరోజా ఎంత బతిమాలినా వినలేదు, ఛాయ్‌తో సరిపెట్టుకున్నారు. ఆసుపత్రి గదిలో నా మంచం పక్కన లచ్చవ్వ స్టూలు వేసుకుని కూర్చుంది, కదలలేదు.

తెల్లారి సరోజ ఫ్లాస్కులోంచి తనకు ఛాయ్ పోసుకుని గదిలోకి వచ్చింది. లచ్చవ్వ చటుక్కున లేచి తలుపుకు అడ్డం నిలబడింది.

"చెల్లె, గది బయట తాగి రాపో. సార్ చేతులు ఆగయి."